చల్లారిన టీ

టింగ్! నాటకశాల మెట్లెక్కుతుండగానే దర్శకురాలికి వినిపించింది. మామయ్య బయటికి పంపినవాడెవడో తిరిగొచ్చాడన్నమాట.

ఆమె మేనమామకి ఉన్నది ఒకటే పిచ్చి. తాను పంపిన ప్రోగ్రాములన్నీ పని ముగించుకుని క్షేమంగా తిరిగొస్తే తప్ప టీ ముట్టడు. నాటకాలకి శబ్దాలు కూర్చడం ఆయన వృత్తి. కంప్యూటర్ తెర నిండా చిన్న చిన్న పెట్టెలు, వాటి మధ్య చూరు నుంచి జారే వానధారల్లా తీగలు. ఆ పెట్టెలకి చేతకాని పని పడితే బయటి ప్రోగ్రాంని పిలిచి అప్పగిస్తాడు. అది ముగించి రాగానే గంట మోగాలి. ఈ పిచ్చి పట్టాక ఆయన వేడి టీ తాగింది ఒకే ఒక్కసారి, జ్వరమొచ్చి పనిలోకి రాని రోజున.

"ఉరుము వచ్చేసింది, గాలి వచ్చేసింది. ఇంకొక్కడు రావాలి," అన్నాడు మామయ్య, మీగడ కట్టిన కప్పుకేసి దిగులుగా చూస్తూ.

"పొద్దున్నుంచీ ఏం చేస్తున్నాడు వాడు?"

"కూర్చున్నాడు."

"కంప్యూటర్ నత్తలా పాకుతోంది మామయ్యా! గంటలో తెర లేవాలి. చంపెయ్ వాణ్ణి!"

"చంపడమేంటే! మన మాట మీద గడప దాటినవాణ్ణా?" కీబోర్డుని చంటిపిల్లలా గుండెకి హత్తుకున్నాడు. "కావాలంటే రెండు ఉరుములు తగ్గిస్తా. వాడి జోలికి మాత్రం రాకు."

పోట్లాడే ఓపిక లేదామెకి. మనసంతా మూడో రంగం మీదే ఉంది. అందులో ముఖ్యపాత్ర అమ్మమ్మది, అంటే మామయ్య తల్లిది. రిహార్సల్స్‌లో మూడుసార్లూ అక్కడే మాట మర్చిపోయింది. ఇవాళ కూడా ఆగితే ఆ వేషం రేపట్నుంచి ఇంకొకరికని మనవరాలే కరాఖండిగా చెప్పేసింది. అమ్మమ్మ తలూపి, చెవిలోని వినికిడి యంత్రం సర్దుకుని వెళ్ళిపోయింది.

మూడో రంగం. అమ్మమ్మ ఆగింది. ఒక క్షణం, రెండు, మూడు. దూరాన ఎవరో పిలిచినట్టు అమ్మమ్మ తల కొద్దిగా వాల్చింది. నవ్వింది. ఆ తర్వాత మాట వరదే.

తెర పడేసరికి జనమంతా లేచి నిలబడ్డారు. ఆ చప్పట్ల హోరులో సన్నగా, టింగ్!

"వచ్చేశాడు!" మామయ్య కప్పు అందుకున్నాడు.

దర్శకురాలు కంప్యూటర్ తెర మీదికి వంగింది. పొద్దున్నుంచీ కూర్చున్నవాడి పెట్టెలోకి అమ్మమ్మ మైకు నుంచి ఒక తీగ వస్తోంది. ఇంకో తీగ 'అమ్మ చెవి' అని రాసిన పెట్టెలోకి వెళ్తోంది. వాడి పెట్టె నొక్కి వింది. తొలిరోజు కాగితం చూసి తడుముకోకుండా చదివిన అమ్మమ్మ గొంతే! వేదిక మీద ఆమె మూడు క్షణాలు ఆగితే చాలు, తర్వాతి మాట అందించి మళ్ళీ బుద్ధిగా కూర్చుంటాడు వాడు.

"మామయ్యా..."

"ష్! అమ్మతో అనకు. తనకే గుర్తొచ్చిందనుకుంటోంది. వెళ్ళి వేడిగా ఒక టీ పట్రా. ఇవాళ మనవాళ్ళెవరూ బయట లేరు."