గుల్ల చప్పుడు

ఏది ఎదురైనా వేలి కణుపుతో రెండుసార్లు కొట్టి చెవి ఆనిస్తాడు. గోడ, తలుపు, బల్ల, పుచ్చకాయ. ఆ తర్వాత తీర్పు చెబుతాడు. గట్టి, లేదా గుల్ల. గోడలకు రంగులు వేసే మనిషి అతను. గుల్లబారిన గోడకు రంగు వేస్తే పెచ్చులు పెచ్చులుగా ఊడుతుంది. గోడ వరకూ అది వృత్తి. పుచ్చకాయ దాకా రావడం జబ్బు.

పెళ్లికి ముందు, మొదటిసారి అత్తవారింటికి వెళ్లినప్పుడు, మామగారు ఆనుకుని కూర్చున్న గోడను కొట్టి "గుల్ల" అన్నాడు. మామగారు తన తల గురించి అనుకున్నారు. సంబంధం తప్పిపోవలసింది. ఆ ఇంట్లో నవ్వింది ఒక్కతే. ఆమే అతని భార్య.

అతనికి ధైర్యం తక్కువ. స్టూలు ఎక్కాలన్నా ముందు దాని కాళ్లు ఊపి చూస్తాడు. "మంచం దిగాలన్నా తాడు కట్టుకుంటాడు" అని తోటి పనివాళ్లు నవ్వుతారు. అలా నవ్వినవాళ్లలో ఒకడు కాలు విరిగి ఇంట్లో ఉన్నాడు. ఇతను రెండు కాళ్లతో పనికి వెళుతున్నాడు.

బామ్మర్ది మూడంతస్తుల ఇల్లు కట్టాడు. రంగు ఇతనే వేశాడు. పని అయ్యాక పరంజా విప్పేశారు. అప్పుడు బయటపడింది మచ్చ. మేడ పిట్టగోడకు మనిషి నిలువెత్తు కిందుగా, పరంజా కర్ర ఆనిన చోట, పళ్లెమంత.

"రేపు మళ్లీ పరంజా కట్టించు, వేస్తాను" అన్నాడు బామ్మర్దితో.

మధ్యాహ్నం భోజనాలయ్యాక బావా బామ్మర్దీ ఆ గోడకు ఎదురుగా కుర్చీలు వేసుకుని సీసా తెరిచారు. మొదటి గ్లాసుకు గోడ చాలా ఎత్తుగా ఉంది. రెండో గ్లాసుకు మచ్చ పెద్దదయింది. మూడో గ్లాసుకు గోడ పొట్టిదయింది.

"వచ్చినవాళ్లందరికీ ముందు ఆ మచ్చే కనబడుతుంది బావా."

"రేపు వేస్తానన్నాగా."

"వేస్తావులే. నీకు మేడంటే భయమని మాకెవరికి తెలీదు?"

అతను నాలుగోది తాగాడు.

"తాడుందా?" అన్నాడు.

మేడ మీద కొత్త ప్లాస్టిక్ నీళ్ల ట్యాంకు ఉంది. ఇంకా గొట్టాలు బిగించలేదు. తాడు ఒక కొస దానికి కట్టాడు, రెండో కొస నడుముకు. చేతికి అలవాటైన ముడి, తాగినా తప్పలేదు. ట్యాంకును రెండుసార్లు కొట్టి చెవి ఆనించాడు.

"గుల్ల" అన్నాడు. నవ్వాడు. "పర్లేదు."

తెలివి ఎక్కడికీ పోలేదు. దానికి కట్టి ఉన్న భయం ఊడిపోయింది, అంతే.

ఆరేసిన బట్టలు తీయడానికి భార్య పైకి వచ్చింది. మొగుడు పిట్టగోడ మీద గుర్రం ఎక్కినట్టు కూర్చున్నాడు. ఒక కాలు ఇటు, ఒక కాలు గాలిలో. చేతిలో కుంచె, నడుముకు రంగు డబ్బా.

"ఏమయ్యా, ఎక్కడికి?"

"మచ్చ దగ్గరికి."

"ట్యాంకులో నీళ్లున్నాయా?"

"లేవు. కొట్టి చూశాగా! నా పని నాకు నేర్పుతావా?"

"నేను పట్టుకుంటాలే అక్కా" అన్నాడు తమ్ముడు. వాడు పడిపోకుండా మెట్ల తలుపును పట్టుకుని ఉన్నాడు.

ఆమె అరవలేదు. అరిస్తే మొగుడికి పంతం వస్తుంది. నెమ్మదిగా దగ్గరికి వెళ్లింది. అతని నెత్తి మీద వేలి కణుపుతో రెండుసార్లు కొట్టి చెవి ఆనించింది.

అతను ఊపిరి బిగబట్టి తీర్పు కోసం చూశాడు.

"ఏంటి?"

"సరిగ్గా వినబడట్లేదు. ఇటు వంగు."

బుద్ధిగా వంగాడు. ఆమె రెండు చేతులా చొక్కా పట్టుకుని గుంజింది. మనిషి, డబ్బా, కుంచె అన్నీ మేడ మీదే పడ్డాయి. రంగంతా అతని ముఖానే.

"గుల్ల" అందామె.

పని చెడగొట్టావని గొణుగుతూ అక్కడే నిద్రపోయాడు. చీకటి పడ్డాక అక్కా తమ్ముడూ కలిసి కిందికి దింపారు.

పొద్దున్నే ఒక్కడే మేడెక్కాడు. తాడు ట్యాంకుకు అలాగే ఉంది. ఒంటిచేత్తో లాగాడు. కీచుమంటూ, పిలిచిన కుక్కలా, ట్యాంకు కాళ్ల దగ్గరికి వచ్చింది.

అక్కడే కూలబడ్డాడు. కూర్చునే తాడు ముడి విప్పాడు.

కిందికి వచ్చి, పరంజా కట్టించమని బామ్మర్దికి చెప్పి, వంటింట్లోకి వెళ్లాడు. భార్య ముందు తల వంచాడు.

"ఇంకోసారి కొట్టి చూడు."

"చేతులు ఖాళీగా లేవు" అందామె.

అతను తల ఎత్తలేదు. అలాగే నిలబడ్డాడు.