సిస్టరమ్మ కళ్లగంతలు

చూపు తగ్గిన పెద్దలకు లాలాగూడలోని మా చర్చి హాల్లో ఆరోగ్య పాఠాలు చెప్పే నర్సు సిస్టరమ్మ, ఏదైనా నేర్పే ముందు పైటకొంగుతో తన కళ్లకే గంతలు కట్టుకునేది. ఆ గంతలతోనే ఒకసారి రెజిమెంటల్ బజార్‌కు పోయి, ఒక్క పుచ్చు లేకుండా వంకాయలు ఏరి తెచ్చింది. నమ్మకపోతే మీ ఇష్టం, ఆ కూర నేను తిన్నాను!

ఆ అలవాటు పుట్టిన రోజు కూడా నేను అక్కడే ఉన్నాను. రైల్వే వర్క్‌షాపులో రిటైరైన తాత ఒకాయన షుగర్ మాత్రకు బదులు బీపీ మాత్ర మింగాడని, కొడుకు మాత్రలన్నీ లాగేసుకున్నాడు. వాటిని తిరిగి తన చేతికి తెచ్చుకోవాలని తాత కొడుకును వెంటబెట్టుకొని క్లాసుకొచ్చాడు.

సిస్టరమ్మ కొడుకు తెచ్చిన ఆ మాత్రలను రెండు డబ్బాల్లో పోసి హుషారుగా మొదలుపెట్టింది.

"ఎర్ర డబ్బా షుగరుకి, నీలం డబ్బా బీపీకి. గుర్తుంటుంది కదండీ?"

"ఎర్రదేదో కనవడితే నీ క్లాసుకెందుకొస్తనమ్మా?" అన్నాడు తాత.

హాలంతా గొల్లుమంది. అందరికంటే గట్టిగా ఆమే నవ్వింది.

"ఉండండి తాతగారూ, నేనూ మీలాగే చూస్తాను!" అంటూ కళ్లకు కొంగు కట్టేసుకుంది. డబ్బాలు తడిమింది, ఊపింది. రెండూ ఒకటే! చటుక్కున గంతలు విప్పి, జడకున్న రబ్బరు బ్యాండు లాగి, "రబ్బరున్నది షుగరుకి!" అంటూ ఎర్ర డబ్బాకు తొడిగింది.

నమ్మకం కుదరని కొడుకు డబ్బాలను అటూ ఇటూ మార్చి పెట్టాడు. తాత వేళ్లతో తడిమాడు.

"గిది షుగర్‌ది. గది బీపీది."

సిస్టరమ్మ ఎగిరి చప్పట్లు కొట్టింది. కొడుకు డబ్బాలు రెండూ తండ్రి ఒడిలో పెట్టాడు. తాత మళ్లీ చెయ్యి చాచాడు.

"నీ బీపీ గోలీలు సుత ఇటియ్యి కొడుకా. కండ్లుండి సుత రోజూ మర్శిపోతవ్."