ఎర్రమట్టి పట్టించిన అనపగింజలు

నా చిన్నప్పుడు ఒక ఎండాకాలమంతా మా వంటింటికి నేను కాపలా ఉన్నాను. ఎవరూ చెప్పలేదు, నాకై నేనే ఆ పని పెట్టుకున్నాను. మేము అప్పుడు పుంగనూరులో ఉండేవాళ్లం. మా నాన్న బస్టాండు దగ్గర సైకిళ్లు బాగుచేసే అంగట్లో పనిచేసేవాడు. మా అమ్మకు ఊపిరితిత్తుల జబ్బు చేసి మదనపల్లెలో ఆసుపత్రిలో చేర్చారు. పిల్లలను లోపలికి రానిచ్చేవారు కాదు. ఇల్లు చూసుకోవడానికి రామకుప్పం పక్క పల్లె నుంచి మా అవ్వ, అంటే నాన్నను కన్నతల్లి, వచ్చింది. ఒక మూటలో రాగులు, ఒక మూటలో అనపగింజలు, అవే అనుములు, నడుముకు వక్కాకు తిత్తి. అంతే ఆమె సామాను.

జబ్బు ముదరకముందే మా అమ్మ ఏడాదికి సరిపడా సరుకులు సర్ది పెట్టింది. కందిపప్పు రేకు డబ్బాలో, చింతపండు కుండలో, రవ్వ, ధనియాలు, మెంతులు చిన్న డబ్బాల్లో. వచ్చిన రోజే అవ్వ పప్పు డబ్బా మీద చెయ్యి వేసింది. నేను అడ్డంగా నిలబడి ఏడ్చాను. అవి అమ్మ మూతలు పెట్టిన డబ్బాలు, అమ్మ వచ్చేదాకా ఎవరూ తెరవకూడదన్నాను. నాన్న నన్ను కొట్టడానికి చెయ్యెత్తాడు. అవ్వ ఆపింది.

“ఉండనీరా. దానికి యాల కోపమో నాకు తెలుసు,” అంది.

అప్పటి నుంచి ఆమె తన మూటల్లోంచే తీసి వండేది. పొద్దున సంగటి, సాయంత్రం సంగటి, నంజుకోవడానికి అనపగింజల పులుసు. ఆ పులుసులోకి చింతపండు పక్కింటి అక్కను అడిగి తెచ్చుకునేది, మా కుండ నిండుగా ఉండగానే.

నెల తిరిగిందో లేదో, ఒక మధ్యాహ్నం పప్పు డబ్బా అంచున నల్లటి పురుగు పాకుతూ కనిపించింది. మూత తీశాను. పప్పు మీద బూడిదలాంటి పొడి, అందులో ఇంకా పురుగులు. రవ్వ డబ్బా తెరిస్తే గూళ్లు కట్టి ఉండలైపోయింది. ఆ వయసులో నా మనసులో ఆ డబ్బాలకూ అమ్మ ప్రాణానికీ ఏదో ముడి పడిపోయింది. అవి చెడిపోతే అమ్మ తిరిగి రాదనుకున్నాను. గబగబా మూత పెట్టి, దాని మీద గుడ్డ బిగించి కట్టాను. ఎవరికీ చెప్పలేదు. ఆ సాయంత్రం అన్నం దగ్గర కూర్చోలేదు. కడుపునొప్పి అన్నాను. అవ్వ నా ముఖం చూసింది, తర్వాత డబ్బాకు కట్టిన గుడ్డను చూసింది.

మర్నాడు ఆమె అమ్మను చూడటానికి మదనపల్లె బస్సెక్కి పోయింది. తిరిగొచ్చి, కాళ్లు కడుక్కొని, నన్ను పిలిచింది.

“పాపా, ఈడికి రా. మీ అమ్మ ఒక మాట సెప్పి పంపింది.”

“నాకా?”

“నీకే. కందిపప్పు రేపు ఎండకెయ్యమనింది. బాగా జల్లించి, మిద్దె మీద గుడ్డ పరిచి పలసగా పొయ్యాలంట. సాయంత్రం నీడకు తెచ్చి, సల్లారినంక డబ్బాకెత్తాల. ఏడి మీద మూత పెడితే సెమట పట్టి మళ్లా పురుగొస్తాదంట.”

“పురుగు పట్టిందని అమ్మకెట్లా తెలుసు?”

“దాని ఇంట్లో సంగతి దానికి తెలీదా?”

ఆ జవాబు నాకు చాలింది. మరుసటి రోజు పప్పంతా మిద్దె మీద పోశాను. ఎండ ఎక్కేకొద్దీ పురుగులు గుడ్డ అంచులకు చేరి, గోడ దిగిపోవడం చూస్తూ కూర్చున్నాను. డబ్బా అడుగున ఎండిన వేపాకు, నాలుగు ఎండుమిరపకాయలు వేసి పప్పు నింపాను. అవ్వ దూరంగా కూర్చొని వక్క నములుతూ ఉంది. చెయ్యి కలపలేదు.

ఆ తర్వాత ఆమె ఆసుపత్రికి పోయి వచ్చినప్పుడల్లా నాకు అమ్మ దగ్గర నుంచి ఒక మాట వచ్చేది. గూళ్లు కట్టిన రవ్వ పారేసి, కొత్తది తెస్తే ముందు సన్నని సెగ మీద వేయించి దాచమని ఒకసారి. చింతపండులో గింజలు, పీచు తీసి, కల్లుప్పు చల్లి, గాలి చొరకుండా కుండలో అదిమి పెట్టమని ఒకసారి. బి.కొత్తకోట వైపు నుంచి టమాటాలు గంపలకొద్దీ దిగి చవకైనప్పుడు, కోసి ఉప్పు పట్టించి ఎండబెట్టమని వచ్చింది. రాగిపిండి మాత్రం వారానికి సరిపడానే విసరమంది. రాగులు ఎన్నేళ్లయినా ఉంటాయి, పిండి ఉండదు.

అన్నిటికన్నా వింతగా తోచింది అనపగింజల సంగతి. అవ్వ మూటలో మిగిలినవాటికి పురుగు పట్టకుండా ఎర్రమట్టి పట్టించమని అమ్మ చెప్పిందట. మట్టిని నీళ్లలో పలచగా కలిపి, గింజలకు పూసి, గలగలలాడేదాకా ఎండబెట్టాను. తినే గింజలకు మట్టి పూయడం ఏమిటని పక్కింటి అక్క నవ్వితే, మా అమ్మ చెప్పిందని గట్టిగా జవాబిచ్చాను.

ఒకరోజు వచ్చిన మాట మాత్రం నాకు రుచించలేదు.

“పాత పప్పు ముందు వండుకోని తినమనింది మీ అమ్మ. అది తినేదానికే గదా పెట్టింది, సూసుకునేదానికా? ఐపోతే మళ్లా కొందురు.”

డబ్బా చుట్టూ చాలాసేపు తిరిగాను. చివరికి నేనే డబ్బా తెరిచి, సోలతో కొలిచి అవ్వ చేటలో పోశాను. ఆ రోజు మా ఇంట్లో టమాటా పప్పు. నాన్న మళ్లీ వడ్డించుకున్నాడు.

వానలు మొదలైనాక అమ్మ ఇంటికి వచ్చింది. చిక్కి సగమైంది, జుట్టు కత్తిరించేశారు. కొంచెం ఓపిక వచ్చాక తానే వంట చేస్తానని పొయ్యి దగ్గర కూర్చుంది. అనపగింజల పులుసు పెట్టింది. మొదటి ముద్దకే పళ్ల కింద మట్టి కరకరలాడింది. నాన్న ముద్ద పక్కన పెట్టాడు. అవ్వ మాత్రం మింగేసింది.

“అమ్మా, మట్టి పోయేదాకా మూడు నీళ్లు కడగాలని నువ్వే గదా సెప్పి పంపినావు?” అన్నాను.

అమ్మ అవ్వ వైపు చూసింది. అవ్వ కంచంలోకి చూస్తూ ఉంది.

“ఔను, నేనే సెప్పినా. మరిసిపోయినా,” అంది అమ్మ.

అసలు సంగతి చాలా ఏళ్లకు తెలిసింది. అప్పటికి అవ్వ పోయింది, నాకు పెళ్లయి పిల్లలున్నారు. అమ్మ, నేను చింతపండు గింజలు తీస్తూ కూర్చున్నాం. కల్లుప్పు మాట వచ్చి, ఆసుపత్రి నుంచి ఆమె చెప్పి పంపిన మాటలన్నీ ఏకరువు పెట్టాను. అమ్మ చేతులు ఆగిపోయాయి.

“నేనేం సెప్పినానే? నోరు తెరిస్తే దగ్గు, దగ్గితే నెత్తురు. మాట్లాడొద్దని డాక్టరు గట్టిగా సెప్పిండె. మీ అవ్వే వచ్చి మంచం పక్కన కూర్సోని, నీ కూతురు పప్పు ఎండబెట్టింది, సింతపండు కుండకెత్తింది, అచ్చం నీ మాదిరే సేట పట్టుకుంటాది అని సెప్తా ఉండె. కండ్లు మూసుకోని ఇనేదాన్ని. మళ్లా ఎప్పుడొస్తాదా, ఇంకేం సెప్తాదా అని సూస్తా పండుకోనుండేదాన్ని.”

అవ్వను అడగడానికి ఇక వీలు లేదు. తన పేరు ఎక్కడా రానీయకుండా ఆమె పుంగనూరుకూ మదనపల్లెకూ మధ్య మా ఇద్దరినీ మోసింది.

ఇప్పుడు నేను మదనపల్లెలో కొడుకు దగ్గర ఉంటున్నాను. ఇంట్లో ఫ్రిజ్జు ఉన్నా కందిపప్పు ఎండకు వేయడం మానలేదు. కుప్పంలో గది తీసుకొని చదువుకుంటున్న మా మనవరాలు ఈమధ్య ఫోన్ చేసి, రవ్వకు పురుగు పట్టిందని విసుక్కుంది. తండ్రంటే దానికి ప్రాణం. మీ నాన్న రూములో ఉన్నప్పుడు రవ్వ వేయించి పెట్టుకునేవాడమ్మా అని చెప్పాను. వాడు ఏనాడూ గరిటె పట్టుకున్నవాడు కాదు. నాకు తెలిసిన చిట్కాలు మా ఇంట్లో చాలావరకు ఇలా ఇంకొకరి పేరు మీదే నడుస్తున్నాయి. నాకు అది బాగానే ఉంది.