అంచు లేని తిమింగలం

కొత్తవాడలో జంపఖానాలు నేసే సారంగపాణి ఎన్నడూ సముద్రం చూడలేదు. హన్మకొండ నుంచి వచ్చిన దీప్తి, ఒక హోటల్ గోడకు నేసిమ్మని ఫొటో ఇచ్చింది. అందులో అగ్నిపర్వతం కక్కిన నల్లరాళ్ల ఒడ్డున ఒక తిమింగలం చిక్కుకుపోయింది. దాని మూతి ముందే నీలి సముద్రం ఉంది.

నేత తోక నుంచి మొదలైంది. వారం దాకా వాడకట్టు వాళ్లు దాన్ని బర్రె అనుకున్నారు. ఇరవయ్యో రోజు దీప్తి వచ్చి, మగ్గం మీది పని చూసి నివ్వెరపోయింది.

"కాకా, సముద్రమేది?"

"ఆ జాగల నల్ల అంచు ఏసిన బిడ్డా. నాలుగు దిక్కుల అంచు లేంది జంపఖానా ఎట్లయితది?"

"మరి అది నీళ్లలకు ఎట్ల పోతది? ఇట్లయితే నేను తీసుకోను."

పక్కన నూలు కండెలు చుడుతున్న అతని భార్య శకుంతల పకపకా నవ్వింది. "నలభై ఏండ్ల సంది నా మాల్ ఒక్కటి వాపసు రాలేదంటివి. గిప్పుడు తిమింగలమే వాపసు వస్తాంది!"

సారంగపాణి మూతి ముందరి జానెడు అంచు విప్పి, నీలి నూలుతో మళ్లీ నేశాడు. దీప్తి సంతోషంగా ఒప్పుకుంది. ఆమె వెళ్లాక అతను శకుంతల దగ్గరికి జరిగి మెల్లగా అన్నాడు.

"అంచు లేకుండ పంపుతాన. నేసింది నేనని ఎవ్వలకు చెప్పకు."