ఓదార్పు తరబేతి

పొద్దున్నే మొగుడికి సద్ది కట్టివ్వడం రంగక్క అలవాటు. చేను సోలారు పలకల కిందికి పోయాక కూడా చిక్కన్న ఆ సద్ది మానలేదు. కంచె బయట కూర్చుని తిని, పలకల మధ్య కలుపు మొలవలేదని చూసుకుని వచ్చేవాడు. పోయినేడు ఆయనా మట్టి కిందికి పోయాడు. కట్టడానికి సద్ది లేదు కనుక, ఇప్పుడు రంగక్క పొద్దున్నే శిక్షణకు, ఊళ్లోవాళ్ల మాటలో తరబేతికి, పోతోంది.

క్యాతగానచెర్లు ఊరి ఆడవాళ్లకు ఒకరికొకరు సాయం చేసుకోవడం రాదని తుమకూరులో ఎవరికో దిగులు పట్టుకుంది. అందుకే సింధుశ్రీ అనే అమ్మాయి కారులో వచ్చి, మహిళా సంఘం వాళ్లను సముదాయ భవనంలో కూర్చోబెట్టి స్వచ్ఛంద సేవకులుగా తయారు చేస్తోంది. మొదటి పాఠం నమ్మకం. ఒకరు కళ్లు మూసుకుని వెనక్కి పడాలి, తక్కినవాళ్లు పట్టుకోవాలి. సంఘం అధ్యక్షురాలు సుబ్బక్క పడింది. అందరికీ నమ్మకం కుదిరింది, పట్టుకున్న ఆమెకు నడుం పట్టేసింది.

ఈ రోజు పాఠం ఓదార్పు. నిన్ననే వెనక వీధిలో దాసమ్మ మొగుడు బోరన్నను మట్టి చేశారు. చావు జరిగిన ఇంట్లో మూడు దినాలు పొయ్యి వెలిగించరు, వీధిలో ఆడవాళ్లే అన్నం తీసుకుపోవాలి. చిక్కన్న పోయినప్పుడు రంగక్కకు సంగటి ముద్ద తినిపించింది ఈ దాసమ్మే.

మొగుడు పోయిన ఆడదాని వేషం సుబ్బక్కది, కుర్చీలో కూర్చుంది. ఆమెను ఓదార్చమని సింధుశ్రీ రంగక్క చేతికి మైకు ఇచ్చింది.

"అక్కా, ముందు 'మీ పక్కన కూర్చోవచ్చా?' అని అడగాలి. సరే అంటేనే కూర్చోవాలి."

"అడగవే తల్లీ, నాకు ఏడుపు ఆగిపోతాండాది!" అంది సుబ్బక్క. అందరూ నవ్వారు.

రంగక్క అడిగింది. "సుబ్బక్కా, ఈపొద్దు దాసమ్మకు కూడు ఎవురు తీసకపోయినారు?"

"మారన్న పెండ్లాం పోయింటాది."

"నేను యాడ పోతిని? నువ్వే పంపింటావనుకుంటి!" అంది మారన్న పెండ్లాం.

ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఓదార్చడం నేర్చుకునే తొందరలో, ఓదార్చవలసిన ఇంటిని అందరూ కలిసికట్టుగా మరిచిపోయారు. పొద్దు నడినెత్తికి వచ్చింది.

"భోజనాలయ్యాక ఫోటో ఉంది. అంతవరకు ఎవరూ పోవద్దు, ప్లీజ్," అంది సింధుశ్రీ.

ఆ రోజు వడ్డన రంగక్క వంతు. ఆమె మైకు కుర్చీలో పెట్టి, వరండాలోకి పోయి, గుండిగ మూత తీసి, అన్నం పప్పు ఒక డబ్బాలో నింపుకుంది.

"ఏమ్మే, యాడికి? ఈడ వడ్డించేదెవురు?"

"ఎవురన్నా వడ్డిస్తార్లే సుబ్బక్కా. సేవ నేర్చినోళ్లంతా ఈడనే ఉండారు గదా."

దాసమ్మ తన ఇంట్లో గోడకు ఆనుకుని ఉంది. రంగక్క ఏమీ అడక్కుండా పక్కన కూర్చుని ముద్ద కలిపింది.

"వద్దే. గొంతు దిగదు."

"దిగుతాది. నోరు తెరు."

దాసమ్మ తెరిచింది. అంతలో భవనం మైకులో సుబ్బక్క గొంతు ఊరంతా మోగింది, రంగక్క వెంటనే వచ్చి వడ్డించాలని, మేడం కాచుకుని ఉండాదని.

రంగక్క రెండో ముద్ద కలిపింది.