చిన్నాయన చేతుల పసుపు

డిగ్రీ రెండో ఏడు చదివే ఆ కాలంలో నాకో గట్టి నమ్మకం ఉండేది: ఆర్మూర్‌లో ఉన్నది ఉన్నట్టు రాస్తే చాలు, లోకం కదిలిపోతుందని. (లోకం సంగతి అటుంచండి, మా వరండా కూడా కదలలేదు.) పసుపు సీజన్‌లో మా చిన్నమ్మ పొద్దున మార్కెట్‌లో కొమ్ములు ఏరి వచ్చి, మధ్యాహ్నం వాడకట్టు ఆడవాళ్లతో కలిసి మా వరండాలో బీడీలు చుట్టేది. కాలేజీ పత్రిక కోసం రాసిన నా మొదటి కథ వాళ్లకే చదివి వినిపించాను. పసుపు ఏరే ఒకామె, గల్ఫ్‌లో ఆమె భర్త, ఎండ, దుమ్ము, ఎదురుచూపు. మూడో పేజీకే ఆవలింతలు మొదలయ్యాయి. "గిదంతా మాకెర్కే గద బిడ్డా, మల్ల సదువుడెందుకు?" అంది చిన్నమ్మ, బీడీకి దారం చుడుతూ.

నాకు రోషం పొడుచుకొచ్చింది. మర్నాడు పొద్దున్నే కూర్చుని కథలో ఒకే ఒక్క మాయ చేర్చాను. ఆమె ఇక్కడ పసుపు ఏరిన ప్రతిరోజూ, అక్కడ ఆయన చేతులు పసుపుపచ్చగా మారిపోతాయి. అంతే! మధ్యాహ్నం చదువుతుంటే బీడీల చాటల మీద చేతులన్నీ ఆగిపోయాయి. "గప్పుడు? ఆయినెకు సమజైందా?" అని పక్కింటామె ముందుకు జరిగింది. నా కాళ్లు నేల మీద నిలవలేదు. మర్నాడు పరుగున వెళ్లి తెలుగు సారుకు చూపిస్తే, "వాస్తవిక కథలో ఈ మాయలేంటమ్మా? అది కొట్టేసి తెచ్చియ్యి, వేస్తాం" అన్నారు. అచ్చులో పేరు చూసుకోవాలన్న ఆశ ఎవరిని ఊరుకోనిస్తుంది? ఇంటికొచ్చి, వరండాలోనే బీడీలు చుట్టేవాళ్ల పక్కన కూర్చుని, కొట్టేయడానికి కలం తీశాను.

సరిగ్గా అప్పుడే చిన్నమ్మ ఫోన్‌కు దుబాయ్ నుంచి చిన్నాయన వీడియో కాల్ వచ్చింది. ఈ ఏడు వచ్చేస్తానన్న మనిషి, ఒక్క మాటైనా అడక్కుండా ఇంకో రెండేళ్లకు ఒప్పుకున్నాడని చిన్నమ్మ నెల రోజులుగా ఆయన ఫోన్ ఎత్తడం లేదు. మా అమ్మ బతిమాలినా వినలేదు. ఇక వీళ్లిద్దరికీ మాటలుండవేమోనని ఇంట్లో అందరికీ ఒకటే బెంగ. అలాంటిది, ఆ రోజు ఎత్తింది. బాగున్నవా అని కూడా అడగలేదు.

"జర చేతులు చూపియ్యి" అంది.

ఆయన బిత్తరపోయి రెండు చేతులూ చూపించాడు. చిన్నమ్మ ఫోన్‌ను కళ్ల దగ్గరికి తెచ్చుకుని వేలు వేలునా వెతికింది. ఏమీ లేదు. ఆమె ముఖం చిన్నబోయింది. పక్కింటామె ఆగలేక నా కథంతా ఆయనకు చెప్పేసింది. (నా పదకొండు పేజీలు ఆమెకు రెండు ముక్కల్లో అయిపోయాయి.) చిన్నాయన తన అరచేతులు ఒకసారి తిప్పి చూసుకున్నాడు.

"పసుపా? పొద్దుగాల మస్తుగుండె. డ్యూటీల అందరు అడుగుతుండ్రని సబ్బు వెట్టి కడిగిన" అన్నాడు.

"నేను సూడకముందే ఎందుకు కడిగినవ్?" అంటూ చిన్నమ్మ భోరుమంది. ఏడుస్తూనే గంటసేపు మాట్లాడింది.

నేను కలం మూయలేదు. కథ చివర చిన్నాయన మాటా, చిన్నమ్మ మాటా దించేసి, మాయను కొట్టేయకుండానే సారు చేతికిచ్చాను. ఆయన చదివి, కళ్లద్దాలు తుడుచుకుని, "చివరి రెండు మాటల కోసం వేస్తున్నా" అన్నారు. వేశారు కూడా. కాలేజీ అంతా ఆ రెండు మాటలనే మెచ్చుకుంది. అవి నావి కావని నేను ఒక్కరికీ చెప్పలేదు. ఆ తర్వాత చాలా కథలే రాశాను. అంత మంచి ముగింపు మళ్లీ కుదరలేదు.