పొరలు వాలిన వైపు

మలంచా పేటలో మా పక్క స్థలంలో నిన్న ఇంటికి పునాదులు తవ్వారు. తెల్లవారుజామున వాన పడింది. తలుపు తీయగానే తడిసిన మొరం వాసన, తుప్పుపట్టిన ఇనుము వాసనలాంటిది, ముఖానికి కొట్టింది. గోతుల్లోంచి ఎర్రనీళ్లు రోడ్డు మీదికి పారుతున్నాయి. ఖరగ్‌పూర్‌లో పుట్టి పెరిగినవాళ్లకి ఇదేమీ కొత్త వాసన కాదు. నాకు మాత్రం సింహాచలం మేస్టారు గుర్తుకొస్తారు.

మేస్టారు మా తెలుగు బడిలో భూగోళం చెప్పేవారు. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి, ఓల్డ్ సెటిల్‌మెంట్ అనే రైల్వే కాలనీలో మాకు నాలుగిళ్ల అవతల ఒక్కరే ఉండేవారు. ఆయన సైకిలు బుట్టలో పుస్తకాలకంటే రాళ్లే ఎక్కువ. నేను ఎనిమిదిలో ఉండగా మా తరగతినంతా బస్సెక్కించి శిలావతి నది ఒడ్డుకి తీసుకెళ్లారు. అక్కడ ఎర్రటి గట్టును వాననీరు గోడలుగా, స్తంభాలుగా, లోతైన గండ్లుగా కోసేసింది. మిగతా పిల్లలు పైకెక్కి కేకలు వేస్తుంటే, ఆయన నన్ను గట్టు అడుగుకి పిలిచి, లోపలి మట్టిలో వేళ్లు పెట్టమన్నారు. పైన రాయిలా ఉన్న గట్టు అడుగున పిండిలా రాలింది.

“ఏటి తెలిసినాది, పైడమ్మా?”

“పైన గట్టి, కింద మెత్తన, మేస్టారూ.”

“నీరు ముందు మెత్తన్నే తింటాది. కింద ఖాళీ అయిపోయినాక పైది ఎంత గట్టిదైతే ఏటి లాభం? విరిగి పడతాది. కొండ రూపు సూసి మురిసిపోకు. లోపల ఏ రాయున్నాది, పొరలు ఎటు వాలినాయి, నీరు ఎటు పోతన్నాది, అది సూడు.”

రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు కూతురినైన నేను సివిల్ ఇంజనీరింగ్ చదవడానికి ఆ మధ్యాహ్నమే కారణం. మా నాన్న వెనకాడితే, మేస్టారే వచ్చి మా అరుగు మీద కూర్చుని ఒప్పించారు.

ఉద్యోగంలో చేరిన కొన్నేళ్లకి, బెంగాల్ పడమటి అంచు కొండల్లో ఒక ప్రైవేటు కాంట్రాక్టరు దగ్గర రోడ్డు పని చూస్తున్నాను. కొండ అంచును నిట్టనిలువుగా కోశారు. అభ్రకంలా మెరుస్తూ పలకలు పలకలుగా విడిపోయే రాయి అది. ఎందుకో నాకు మనసు ఒప్పలేదు. ఒక ఆదివారం మేస్టారిని రమ్మన్నాను. డెబ్భై ఏళ్ల మనిషి లోకల్ రైలెక్కి వచ్చి, కర్ర పట్టుకుని పైకెక్కి, ఒక పగులులో సీసాడు నీళ్లు పోశారు. కాసేపటికి ఆ నీళ్లు కింద పలకల మధ్య నుంచి జిగురుమన్నుతో కలిసి కారాయి.

“పొరలు రోడ్డు మీదికే వాలినాయమ్మా. వాటిని ఆపుతున్న కొండ పాదాన్ని మీరు కొట్టేసినారు. గట్టి వాన పడితే పలకకి పలక జారిపోతాది.”

“ఏం చెయ్యాలి మేస్టారూ?”

“పైనుంచి కొట్టుకుంటూ వచ్చి వాలు తగ్గించాల. అందాకా కింద మనుషుల్ని ఉంచకు.”

కింద కాలువకి రాళ్లు పేరుస్తున్న ఫూల్‌మణి అనే ఆవిడ అప్పుడే అన్నం మూట విప్పుకుని ఆ గోడకి ఆనుకుని కూర్చుంది. మేస్టారు తనకు వచ్చిన బెంగాలీలో అక్కడ కూర్చోవద్దని చెప్పారు. ఆవిడ నవ్వింది. “ఛాయా తో ఎఖానేయ్, దాదూ.” నీడ ఇక్కడే కదా ఉంది, తాతా అని. నిజమే. ఆ కొండ చుట్టుపక్కల అదొక్కటే నీడ.

మర్నాడు మేనేజరుతో చెప్పాను. “ఎవరన్నారు?” అని అడిగాడు. మా భూగోళం మేస్టారు అనేసరికి గదిలో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అంతకంటే నీచమైన పని నా జీవితంలో ఇంకొకటి చెయ్యలేదు. పని ఆపమని రాసుకున్న కాగితం బ్యాగులోనే ఉండిపోయింది. స్కూలు మేస్టారి మాట పట్టుకుని యంత్రాలు ఆపించిందంటారేమోనని సిగ్గుపడ్డాను. రోజువారీ తనిఖీ పత్రంలో ‘వాలు క్షేమం’ అని రాసి సంతకం చేస్తూ వచ్చాను.

మొదటి పెద్ద వాన రెండు రోజులు కురిసింది. మూడోరోజు ఎండ కాసింది. మధ్యాహ్నం భోజనాల వేళ, ముందుగా ఏ చప్పుడూ లేకుండా కొండ ముందుకి జారింది. ఆయన చెప్పినట్టే, పలకకి పలక. ఫూల్‌మణినీ, ఆవిడ పక్కన కూర్చున్న చెల్లెల్నీ సాయంత్రానికి రాళ్ల కింద నుంచి తీశారు.

విచారణలో ‘అకాల వర్షం’ అని రాసుకున్నారు. నా సంతకాల గురించి ఎవరూ అడగలేదు. ఖరగ్‌పూర్ వచ్చి నేరుగా మేస్టారింటికి వెళ్లాను. వరండాలో వీధిపిల్లలకి పాఠం చెబుతున్నారు. నన్ను చూడగానే వాళ్లని పంపించేశారు. అప్పటికే వార్త తెలిసినట్టుంది.

“పని ఆపమని రాసిచ్చినావా?”

“లేదు మేస్టారూ.”

ఆయన తన అరచేతులు చూసుకున్నారు. తిట్టమని లోపల వేడుకుంటూ నిలబడ్డాను.

“నానూ ఒక్కసారే సెప్పినాను గదా. ఆయమ్మ నవ్వితే ఊరుకున్నాను. ముప్పయ్యేళ్లు మీకు సూడ్డమే నేర్పినాను గాని, ఇనకపోతే ఏటి చెయ్యాలో నేర్పలేదు. నాకే రాదు.”

మర్నాటి నుంచి వరండాలో పాఠాల్లేవు. పిల్లలు వచ్చి గేటు దగ్గర నిలబడి, కొన్నాళ్లకి రావడం మానేశారు. అలమరలో దాచుకున్న రాళ్లన్నీ ఆయన సైకిలు మీద మోసుకెళ్లి ఎక్కడో పారబోసి వచ్చారు. మరో రెండేళ్లు బతికారు. నేను వెళ్తే టీ పెట్టేవారు, నాన్న ఆరోగ్యం అడిగేవారు. కొండల ఊసు మాత్రం ఎత్తలేదు. ఆసుపత్రిలో చివరిసారి చూసినప్పుడు నన్ను గుర్తుపట్టి, గోడవైపు తిరిగి పడుకున్నారు.

ఆయన పోయాక జరిగిందంతా రాసి, తనిఖీ పత్రాల నకళ్లు జతచేసి, విచారణ జరిపిన కార్యాలయానికి పంపాను. జవాబు రాలేదు. స్వయంగా వెళ్లి అడిగితే, అక్కడి గుమాస్తా నన్ను జాలిగా చూసి, “ఫైలు మూసేశారు దీదీ, ఇంక మీకేం భయం లేదు,” అన్నాడు.

భయం లేదు. శిక్షా లేదు. ఇప్పటికీ అదే పని చేస్తున్నాను. అనుమానం వస్తే రాసిస్తాను, అరుస్తాను, రెండుచోట్ల ఉద్యోగం పోగొట్టుకున్నాను కూడా. మంచిదానివైపోయావని ఎవరైనా అంటే ఒళ్లు మండుతుంది. నేను పాఠం నేర్చుకోవడానికి ఇద్దరు ఆడవాళ్లు చచ్చిపోవలసి వచ్చింది. ఆ పాఠం నాకు ఎనిమిదో తరగతిలోనే వచ్చు.